వాయించేవాళ్ళకి ఏ కుర్చీ: ఆఫీసు కుర్చీ, వెడ్జ్ దిండు, పియానో బెంచీ, ఇంపోర్టెడ్, లేక బాలానగర్ వెల్డింగా?

నేను సెల్లో (మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) మొదలెట్టింది 34వ ఏట, సికింద్రాబాద్‌లో. మొదటి రెండేళ్ళు ఇంట్లో డైనింగ్ టేబుల్ కుర్చీ మీదే లాగించేశా, మూడో ఏడాది నడుం పట్టేసింది, ఆఫీసులో అందరూ ఎర్గోనామిక్ ఎర్గోనామిక్ అంటుంటే నేనూ 14 వేలు పోసి ఒక మెష్ కుర్చీ కొన్నా. ఇంటికి తెచ్చి సెల్లో పట్టుకుని కూర్చుంటే బో (తీగల మీద లాగే కమాను) లాగే చెయ్యి ఒక హ్యాండిల్‌కి కొట్టుకుంటుంది, సెల్లో పక్క అంచు ఇంకో హ్యాండిల్‌కి తగుల్తుంది, సరేలే అని స్క్రూలు విప్పి రెండు హ్యాండిళ్ళూ పీకేశా. అప్పుడు బయటపడింది అసలు సంగతి, బో గట్టిగా లాగిన ప్రతిసారీ కుర్చీ చక్రాల మీద వెనక్కి జరుగుతుంది. ఒక పేజీ అయ్యేసరికి నోట్స్ పెట్టుకునే స్టాండుకి జానెడు దూరం పోయా. మా ఆవిడ వంటింట్లోంచి చూసి "వాయిస్తున్నారా, రివర్స్ చేస్తున్నారా" అంది. ఆ కుర్చీలో ఇప్పుడు మా అబ్బాయి చదువుకుంటున్నాడు, వాడికి బ్రహ్మాండంగా ఉంది.

తర్వాత మా చిన్న స్ట్రింగ్ గ్రూపుకి కుర్చీలు కొనే పని నా నెత్తినే పడింది, ఎందుకంటే నడుం నొప్పి గురించి ఎక్కువ మాట్లాడేది నేనే కాబట్టి. 16 మందిమి, అందులో నలుగురు సెల్లో, ఒక డబుల్ బాస్ (సెల్లో కంటే ఇంకా పెద్దది), మిగతా అంతా వయొలిన్, వయోలా (వయొలిన్ కంటే కొంచెం పెద్దది). ఆర్నెల్లు తిరిగా, కనపడిన ప్రతి కుర్చీ మీదా కూర్చున్నా, ఆ అనుభవమే ఇక్కడ పెడుతున్నా.

ముందు ఒక్క విషయం బుర్రలోకి ఎక్కితే సగం కుర్చీలు మీరే పక్కన పెట్టేస్తారు. ఆఫీసు కుర్చీ అయినా, ఫంక్షన్ హాల్ కుర్చీ అయినా, దాన్ని చేసినవాడి లెక్క ఏంటంటే మనిషి వెనక్కి ఆనుకుని కూర్చుంటాడని. అందుకే సీటు వెనకవైపు కొంచెం పల్లంగా ఉంటుంది, జారి ముందుకి పడకుండా. వాయించేవాడు ఎక్కడ ఆనుకుంటాడండీ? సీటు ముందు సగంలో కూర్చుని, రెండు కాళ్ళూ నేలకి ఆనించి, ఒళ్ళంతా కొంచెం ముందుకి పెట్టి వాయిస్తాడు. అలాంటివాడిని వెనక పల్లంగా ఉన్న సీటు మీద కూర్చోబెడితే తుంటి వెనక్కి దొర్లుతుంది, నడుం గుండ్రంగా వంగుతుంది, దాన్ని సరిచేయడానికి వాడు ఛాతీ పైకెత్తి భుజాలు బిగించి కూర్చుంటాడు, మూడు గంటల రిహార్సల్ ఇలా బిగించే కూర్చుంటే సాయంత్రానికి మెడ తిప్పలేడు. కాబట్టి బ్యాక్‌రెస్ట్ ఎంత గొప్పగా ఉంది, లంబార్ సపోర్టు, అంటే నడుం దగ్గర ఆసరా, ఉందా అని చూడటం మనకి దండగ. చూడాల్సింది సీటు ముందు సగం.

ఇది నేను కనిపెట్టింది కాదులెండి. 1953లో అమెరికాలో కీగన్ అనే డాక్టరు మనుషుల్ని రకరకాలుగా పడుకోబెట్టి, కూర్చోబెట్టి ఎక్స్‌రేలు తీశాడు. ఒంటికీ తొడకీ మధ్య కోణం 135 డిగ్రీల దగ్గర ఉంటే నడుం దగ్గర వెన్ను దాని మామూలు వంపులో ఉంటుంది, అదే బళ్ళో మాస్టారు చెప్పినట్టు 90 డిగ్రీలకి మడిచి కూర్చుంటే ఆ వంపు చదునైపోతుంది. ఆ తర్వాత డెన్మార్క్‌లో మాండల్ అనే సర్జన్ బడిపిల్లల్ని చూసి, సీటుని ముందుకి వాల్చాలి, ఎత్తు పెంచాలి అని ఏళ్ళ తరబడి మొత్తుకున్నాడు. నార్వే డిజైనర్ పీటర్ ఓప్స్విక్ వాళ్ళు 1979లో తెచ్చిన మోకాళ్ళ కుర్చీ (మోకాళ్ళని కింద దిండుకి ఆనించి కూర్చునేది) కూడా ఈ ఆలోచనలోంచి వచ్చిందే. మొత్తానికి తుంటి కంటే మోకాళ్ళు కొంచెం కిందకి ఉండాలి, అంతే సంగతి.

వాయించేవాళ్ళ ఒళ్ళు నొప్పులు చిన్న విషయం అనుకునేవాళ్ళకి ఒక లెక్క: 1980ల చివర్లో అమెరికా ఆర్కెస్ట్రాల్లో చేసిన సర్వేలో 2,212 మంది జవాబిస్తే, 76 శాతం మంది తమ వాయింపుని దెబ్బతీసేంత ఆరోగ్య సమస్య కనీసం ఒకటైనా ఉందన్నారు. పాపం అంతా కుర్చీదే అనను, గంటల తరబడి ప్రాక్టీసు, టెన్షను అన్నీ ఉంటాయి, కానీ వాటిలో డబ్బు పెట్టి మార్చగలిగింది కుర్చీ ఒక్కటే.

ఇక ఆప్షన్లకి వద్దాం.

అన్నిటికన్నా చవక, ఉన్న కుర్చీనే సరిచేసుకోవడం. దీనికి రెండు దార్లున్నాయి. ఒకటి వెడ్జ్ దిండు, అంటే వెనక మందంగా ముందుకి పలచగా ఉండే ఫోమ్ ముక్క. ఆన్‌లైన్‌లో వెయ్యి, పదిహేను వందల్లో దొరుకుతుంది, కానీ చాలావరకు మెత్తగా మెమరీ ఫోమ్‌తో చేస్తున్నారు, అది మనకి పనికిరాదు, పది నిమిషాల్లో బరువుకి నొక్కుకుపోయి వాలు మాయమైపోతుంది. గట్టి ఫోమ్ కావాలి, వేలితో నొక్కితే వెంటనే పైకి లేవాలి. నేను ఒక పరుపుల షాపులో రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ తుక్కుని నొక్కి అతికించిన గట్టి రకం) ముక్క కోయించుకుని కుట్టించుకున్నా, 400 అయ్యింది, నాలుగేళ్ళయింది ఇప్పటికీ అలాగే ఉంది. రెండోది, కుర్చీ వెనక కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టడం. లెక్క తేలిక: ముందు కాలుకీ వెనక కాలుకీ మధ్య 40 సెంటీమీటర్లు ఉంటే, వెనక 3.5 సెంటీమీటర్లు లేపితే 5 డిగ్రీల వాలు వస్తుంది, 5 సెంటీమీటర్లు లేపితే 7 డిగ్రీలు. దిమ్మలో కాలు కూర్చునేలా గుంట తవ్వించి, అడుగున రబ్బరు అతికించండి, లేకపోతే ఫోర్టిసిమో, అంటే బాగా గట్టిగా వాయించాల్సిన చోటు, దగ్గర కుర్చీతో సహా కిందపడతారు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, మామూలు కుర్చీలో సీటు అప్పటికే వెనక్కి 4, 5 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి మీరు లేపింది అంతా ఆ పల్లం పూడ్చడానికే సరిపోతుంది, అసలు ముందు వాలు రావాలంటే ఇంకా లేపాలి, అప్పుడు బ్యాక్‌రెస్ట్ కూడా ముందుకొచ్చి వీపుని తోస్తుంది. అందుకే సీటు దాదాపు చదునుగా ఉన్న కుర్చీకే దిమ్మలు, గుంట సీటుకి వెడ్జ్ దిండు.

నా సలహా అడిగితే, ఇంకేం కొనేముందైనా నెల రోజులు వెడ్జ్ మీద వాయించి చూడండి. మీ ఒంటికి ఎంత వాలు నప్పుతుందో తెలియకుండా ముప్ఫై వేల కుర్చీ ఆర్డరివ్వడం అంటే కొలతలివ్వకుండా పెళ్ళి బ్లౌజు కుట్టించుకోవడమే.

పియానో బెంచీ గురించి చాలామంది అడుగుతారు. ఎత్తు మార్చుకోవచ్చు, సీటు చదును, గట్టిగా ఉంటుంది, చప్పుడు చెయ్యదు. ఇంట్లో ప్రాక్టీసుకి నిజంగా మంచిది, పక్కనున్న నాబ్ తిప్పి 48 నుంచి 57 సెంటీమీటర్ల మధ్యలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. మరి ఇబ్బంది ఎక్కడంటే, అది మొదలే 48 దగ్గర మొదలవుతుంది, మన అమ్మాయిల్లో చాలామందికి 5 అడుగుల 2 అంగుళాల ఎత్తు, వాళ్ళకి కాళ్ళు గాల్లో. ఇంకోటి, వెనక ఆనుకోడానికి ఏమీ లేదు. వాయించేటప్పుడు ఆనుకోం అన్నా కదా, కానీ 60 బార్లు (తాళం ఆవర్తాల్లాంటివి) వాయించకుండా రెస్ట్ వచ్చినప్పుడు, కండక్టరు అరగంట వయోలాల్ని పట్టుకుని సతాయిస్తున్నప్పుడు ఆనుకోవాలి కదండీ. నాకు తగిలిన ఇంకో చిక్కు వేరే, అది తర్వాత చెప్తా.

శాడిల్ స్టూల్ సంగతి సరదాగా ఉంటుంది. గుర్రం జీను లాగా ఉండే సీటు, డెంటిస్టులు వాడతారు చూడండి అది. మా బావ డెంటిస్టు, ఒక ఆదివారం క్లినిక్ మూసేశాక సెల్లో మోసుకెళ్ళి ఆయన స్టూల్ మీద కూర్చుని గంటన్నర వాయించా. నిజం చెప్పాలంటే నడుం అంత హాయిగా ఎప్పుడూ లేదు. తొడలు వాటంతట అవే తెరుచుకుంటాయి, సెల్లోకి ఎలాగూ మోకాళ్ళు పక్కకే ఉండాలి, తుంటి దానంతటదే నిలబడుతుంది. కానీ ఆ ఎత్తుకి సెల్లో కింద నేలకి ఆనే పిన్ను బాగా బయటకి లాగాల్సి వచ్చింది, వాయిద్యం పడుకున్నట్టయిపోయింది, ఎడమ చెయ్యి అలవాటు మొత్తం మారిపోయింది. ఆర్కెస్ట్రాలో అయితే పక్కవాడి కంటే తలంత ఎత్తులో కూర్చుంటారు, ఇద్దరికీ ఒకే స్టాండు, ఒకరికి సరిపోతే ఇంకొకరికి సరిపోదు. పైగా చక్రాలు. ఒంటరిగా ఇంట్లో వాయించుకునేవాళ్ళు, స్టూడియో సెషన్లు చేసేవాళ్ళు చక్రాలు తీసేసి రబ్బరు కాళ్ళు వేయించుకుని వాడుకోవచ్చు, గ్రూపులో మాత్రం వద్దు. మోకాళ్ళ కుర్చీ గురించి ఒక్క ముక్క: సెల్లోకి అసలు కుదరదు, కాళ్ళు మడిచి కట్టేసినట్టు ఉంటాయి కాబట్టి వాయిద్యం పెట్టడానికి చోటే ఉండదు.

ఇంపోర్టెడ్ ఆర్కెస్ట్రా కుర్చీలు, అంటే వాయించేవాళ్ళ కోసమే పుట్టినవి. అమెరికాలో మిన్నెసోటాలోని వెంగర్ వాళ్ళు, జర్మనీలో కోనిగ్ అండ్ మేయర్ వాళ్ళు, ఇంగ్లండ్‌లో రాట్ స్టాండ్స్ వాళ్ళు ఉన్నారు. వెంగర్ వాళ్ళది రకరకాల ఎత్తుల్లో వస్తుంది, సెల్లో వాళ్ళకి విడిగా ఒక మోడల్ కూడా ఉంది. అమెరికాలో స్కూల్ ఆర్కెస్ట్రాలో వాయించే మన పిల్లలు కూర్చునేది చాలాచోట్ల ఇలాంటి కుర్చీల మీదే, అక్కడ ఉన్నవాళ్ళు ఆలోచించకుండా ఇదే తీసుకోండి, ఇంట్లోకి ఒకటి కావాలన్నా స్కూల్లో మ్యూజిక్ టీచర్ని అడిగితే పిల్లాడు ఏ సైజు మీద కూర్చుంటున్నాడో చెప్తారు. ఇండియాకి తెప్పించుకోవాలంటే వేరే కథ. కుర్చీ ధర ఒకెత్తు, షిప్పింగు, కస్టమ్స్ ఇంకోఎత్తు, 16 కుర్చీలకి కొటేషన్ చూసి మా ట్రెజరర్ గారు మంచినీళ్ళు తాగి మళ్ళీ చూశారు. ఇక ఒకటి కాదు రెండు కాదు, అన్ని ఎత్తులూ కావాలి కాబట్టి ముందే కొలతలు తీసుకుని ఆర్డరివ్వాలి, వచ్చాక నప్పకపోతే వెనక్కి పంపేది లేదు.

చివరికి మేం చేయించుకున్నాం. బాలానగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్, హాస్పిటల్ మంచాలు, స్కూల్ బెంచీలు చేస్తారు. చదరపు పైపు ఫ్రేము, 12 ఎమ్ఎమ్ ప్లైవుడ్ సీటు, పైన 40 డెన్సిటీ ఫోమ్ అంగుళంన్నర. మొదటి శాంపిల్ చూడటానికి వెళ్తే ఆ వెల్డర్ అన్న మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు, "సార్, వెనక కాళ్ళు ఎక్కువైనయ్, సీటు ముంగటికి వంగింది, కోసేస్తా" అంటున్నాడు, వద్దన్నా, అదే కావాలి అన్నా, నమ్మలేదు, నేను సెల్లో లేకుండా ఊరికే గాల్లో బో లాగి చూపిస్తే అక్కడ పనిచేసేవాళ్ళంతా పని ఆపి చూశారు. శాంపిల్‌లో ఉన్న అసలు తప్పు వేరే. అందం కోసం ముందంచుకి ఒక పైపు పట్టీ వేశాడు, ఫోమ్ కింద అది తొడ కిందకి కోసుకుపోతుంది. ముందంచు గుండ్రంగా కిందకి జారినట్టు ఉండాలి, లేకపోతే 20 నిమిషాల్లో పాదాలు తిమ్మిరెక్కుతాయి. రెండో శాంపిల్‌లో ప్లై అంచుని గుండ్రంగా చెక్కించి, పట్టీని నాలుగు అంగుళాలు వెనక్కి జరిపించాం. బ్యాక్‌రెస్ట్ ఫ్రేము విడిగా వెల్డ్ చేయించాం, సీటు ముందుకి వాలినా అది మామూలుగానే వెనక్కి ఉండేలా. ఒక్కోటి 3,800 పడింది రవాణాతో.

రెక్సిన్ వేయొద్దని చెప్పండి. ఇది మేం దెబ్బతిని నేర్చుకున్నాం. మొదటి ఆరు కుర్చీలకి నల్ల రెక్సిన్ వేయించాం, క్రిస్మస్ ప్రోగ్రాంకి అమ్మాయిలందరూ పట్టుచీరల్లో వచ్చారు, 5 డిగ్రీల వాలు, పట్టు, రెక్సిన్, మూడూ కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, పాపం సెకండ్ వయొలిన్లు (వయొలిన్లలో రెండో వరస వాయించేవాళ్ళు) రెండు నిమిషాలకోసారి వెనక్కి జరిగి కూర్చుంటూనే ఉన్నారు. ఎండాకాలం చెమటకి అతుక్కోవడం ఇంకో బాధ. మందపాటి గరుకు క్లాత్, బ్యాగులకి వాడే కాన్వాస్ లాంటిది వేయిస్తే జారదు, గాలి కూడా ఆడుతుంది. మరకలు పడితే పడనీయండి.

ఎత్తు కొలవడం ఎలాగో చెప్తా, దీంట్లోనే అందరూ తప్పు చేస్తారు. నిలబడి, నేల నుంచి మోకాలి వెనక మడత వరకు టేపు పెట్టి కొలవండి. సీటు ముందంచు దాదాపు అంత ఎత్తులో ఉండాలి, సెల్లోవాళ్ళకి ఇంకో రెండు సెంటీమీటర్లు ఎక్కువైనా పర్లేదు. కానీ చెప్పులేసుకుని కొలవాలి, ఏ చెప్పులేసుకుని స్టేజీ ఎక్కుతారో అవే. మనం ఇంట్లో వట్టికాళ్ళతో ప్రాక్టీసు చేస్తాం, కచేరీకి బూట్లు, ఆడవాళ్ళయితే హీల్స్, అక్కడికక్కడే 2, 3 సెంటీమీటర్లు తేడా, అంటే మోకాళ్ళు పైకి లేచి మనం సంపాదించుకున్న వాలు మొత్తం పోతుంది. నేను ఇప్పుడు ఇంట్లో కూడా బూట్లేసుకునే వాయిస్తున్నా, హాల్లో బూట్లేంటని మా అమ్మ గొణుగుతుంది. మా గ్రూపుకి కొలతలు తీస్తే మూడు సైజులు సరిపోయాయి: 41, 44, 47. వెనక కాలు మీద ఒకటి, రెండు, మూడు చుక్కలు తెల్ల పెయింటుతో పెట్టించాం, చీకట్లో సర్దేవాళ్ళకి కూడా కనపడుతుంది.

ఇందాక పియానో బెంచీతో నాకు తగిలిన చిక్కు చెప్తానన్నా కదా. సెల్లో కింద ఉక్కు పిన్ను నేలకి గుచ్చుకుని నిలబడాలి. చెక్క స్టేజీ మీద ఏ గోలా లేదు, మన ఇళ్ళల్లో, హాళ్ళల్లో అన్నీ టైల్సు, గ్రానైటు, జర్రున జారిపోతుంది. అందుకే ఒక పట్టీ వాడతాం, దాని ఒక చివర రింగు కుర్చీ ముందు కాలుకి తగిలిస్తాం, ఇంకో చివర చిన్న గిన్నెలాంటి దాంట్లో పిన్ను పెడతాం. పియానో బెంచీ కాళ్ళు లావుగా ఉండి నా రింగు పట్టలేదు, కొన్ని స్టీలు కుర్చీలకి విడి కాళ్ళే ఉండవు, పైపు వంచి నేల మీద పట్టాలాగా వేసేస్తారు, వాటికి తగిలించడానికే లేదు. సెల్లోవాళ్ళు ఉన్న గ్రూపు అయితే నాలుగు విడి కాళ్ళు, సన్నవి, ఇది మొదటి కండిషన్.

మిగతా వాయిద్యాలవాళ్ళకి నేను చూసినంతలో. వయొలిన్, వయోలా వాళ్ళకి బాధ కుడి తొడతో, సన్న తీగ మీద బో కిందకి దిగినప్పుడు మోకాలికి తగుల్తుంది, అందుకే కుడికాలు వెనక్కి లాక్కుని వంకరగా కూర్చుంటారు, సీటు ముందుకి వాలితే మోకాలు కిందకి దిగి ఆ వంకర సగం తగ్గుతుంది. కుదిరితే నిలబడండి, ఆస్ట్రేలియన్ ఛాంబర్ ఆర్కెస్ట్రా వాళ్ళయితే సెల్లోలు తప్ప మిగతావాళ్ళు నిలబడే వాయిస్తారు. ఫ్లూట్ వాళ్ళకి కుర్చీ రకం కంటే కుర్చీ దిశ ముఖ్యం, కుర్చీని కుడివైపుకి తిప్పి వేసుకుని తల మాత్రం ఎడమకి స్టాండు వైపు పెట్టాలి, తిన్నగా వేసుకుంటే నడుం మెలిపడుతుంది, కాబట్టి వాళ్ళకి పక్కన చోటు వదలండి. బసూన్ (పొడుగాటి చెక్క ఊదుడు వాయిద్యం) వాళ్ళు వాయిద్యానికి కట్టిన పట్టీ మీద కూర్చుంటారు, సీటు ఎత్తు, గరుకు మారితే పట్టీ మళ్ళీ సరిచేసుకోవాలి, అందుకే వాళ్ళు కొత్త కుర్చీ అంటే ఏడుస్తారు. ట్యూబా (పెద్ద ఇత్తడి బాకా) ఒళ్ళో పెట్టుకుంటారు కాబట్టి వాళ్ళకి ముందు వాలు వద్దు, చదును సీటే మేలు.

కర్ణాటక వయొలిన్ వాయించేవాళ్ళు కూడా ఒకరిద్దరు అడిగారు, మోకాళ్ళు అరిగిపోయి కింద కూర్చోలేకపోతున్నాం, ఈ కుర్చీ పనికొస్తుందా అని. రాదండీ. మీ పద్ధతిలో వయొలిన్ తల కుడి పాదం దగ్గర ఆనుతుంది, కుర్చీ మీద ఆ ఆధారమే లేదు. వెడల్పాటి దివాన్ మీద కాలు మడిచి, రెండో కాలు కిందకి వేసుకుని కూర్చునేవాళ్ళని చూశా, ఆ దారి మంచిది.

కొనే ముందు చిన్న పరీక్ష. వాయిద్యం తీసుకునే వెళ్ళండి, షాపువాడు ఏమనుకున్నా సరే. 20 నిమిషాలు వాయించండి, 5 నిమిషాల్లో ప్రతి కుర్చీ బాగానే ఉంటుంది. వాయిస్తూ వాయిస్తూ, పాదాలు వెనక్కి లాక్కోకుండా, చేత్తో సీటు పట్టుకోకుండా, ఉన్నపళంగా లేచి నిలబడండి. లేవగలిగితే మీ బరువు పాదాల మీద ఉన్నట్టు, ఎత్తూ వాలూ సరిపోయినట్టు. ముందుకి ఊగి ఊగి లేస్తున్నారంటే సీటు పల్లంగా ఉందో, పొట్టిగా ఉందో. తర్వాత వాయిద్యం లేకుండా అటూ ఇటూ ఊగి చూడండి, కిర్రుమందా ఆ కుర్చీ వద్దు, మెత్తటి పాసేజీలో మీ సోలో కంటే అదే ముందు వినపడుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చే కుర్చీ కావాలని హాలువాళ్ళు పట్టుబడతారు, పేర్చడానికి వీలుగా ఉండాలనే సీట్లు గుంటగా చేస్తారు చాలా కంపెనీలు, అక్కడ తగ్గకండి. మావి పేర్చితే నాలుగే పడతాయి, స్టోర్ రూంలో చోటు కోసం వాచ్‌మన్‌తో ప్రతివారం గొడవే.

డబుల్ బాస్ తమ్ముడికి మాత్రం ఇంకా కుదర్లేదు. వాడికి 72 సెంటీమీటర్ల స్టూల్ కావాలి, ఒక కాలు పెట్టుకోడానికి మధ్యలో రాడ్డు కావాలి, ఆ రాడ్డు ఎత్తు దగ్గరే ఆగిపోయాం. రెండు శాంపిళ్ళు అయ్యాయి, రెండూ మా ఇంట్లో బాల్కనీలో ఉన్నాయి, ఒకదాని మీద తులసి కుండీ పెట్టారు.